సోయి

థియేటర్ల నా పని చిన్నది.
గొట్టాలు సదురుడు, సిలిండరు ముల్లు చూసుడు,
డాక్టరమ్మ సూది ఎక్కిస్తుంటే
పండుకున్న మనిషి చెయ్యి పట్టుకొని
"పది కాంచి కిందికి లెక్కవెట్టు" అనుడు.

పదకొండేండ్ల సంది లెక్కవెట్టిస్తున్న.
ఒకటి దాకా వచ్చినోళ్లు ఎవలు లేరు.
ధూల్‌పేటల బొమ్మలు చేసే ఉపేందర్ ఏడు కాడ ఆగిండు.
బేగంబజార్ సేటు పాంచ్ అనబోయి పా అన్నడు.
మిగిలిన సగం మాట ఏడ వడ్డదో అని
మూతికి మాస్కు వెడుతూ చాన్నాళ్లు దేవులాడిన.

మందు పాల లెక్క ఉంటది.
నరంల మంటగ పోతది.
తెరమీద తొంభై ఏడున్న అంకె
నిమ్మళంగ మెట్లు దిగి
నలభై రెండు కాడ కూసుంటది.
తొంభై ఏడంటే మనిషి.
సున్న అంటే తెలుసు.
నలభై రెండంటే ఎవలో
ఇన్నేండ్లల్ల ఏ డాక్టరూ చెప్పలే,
నేనూ గట్టిగ అడగలే.

మొన్న ఆషాఢం పోయినంక
గౌలిపురా నుంచి ఈరమణి వచ్చింది, పిత్తంల రాళ్లు.
ఏటేటా బోనాలకు శిగమూగే మనిషి.
స్పిరిటుతోని ఎంత తుడిచినా
చేతుల పసుపు వాసన పోలే.
బల్లమీద పండుకొని, లైట్లకు కండ్లు చిట్లించి అడిగింది:
"బిడ్డా, అమ్మ నా మీదికి వచ్చినప్పుడు
నేను ఏడికి పోత?
పెయ్యి ఆమెది, నోరు ఆమెది.
ఇరవై ఏండ్ల సంది జాగ ఇస్తున్న,
నన్ను ఏడ నిలవెడుతదో ఒక్కసారి చూడలే.
నీ మందు పంపేది గాడికేనా?"

డాక్టరమ్మ నవ్వింది. నేను నవ్వలే.
"పోయొచ్చి నువ్వే చెప్పు" అన్న.
పది. తొమ్మిది.
ఎనిమిది అన్నది గని అది ఆమె గొంతు కాదు,
ఎవలో ఆమె చెప్పులు తొడుక్కొని
బయటికి పోయిన చప్పుడు.

గంటన్నర.
కడుపుకు నాలుగు చిల్లులు.
స్టీలు గిన్నెల ఏడు రాళ్లు, టక్కు టక్కున.
గుండె మట్టుకు కొట్టుకుంటనే ఉన్నది,
సేటు ఊరికి పోయిన దుకాణంల
ఫ్యాను బంద్ చెయ్య మరిచినట్టు.

తేలేటప్పుడు అందరు ఏదో ఒకటి అంటరు.
ఒకాయన బస్సు పాసు అడిగిండు.
ఒకామె గ్యాసు బంద్ చేసినవా అని నన్ను తిట్టింది.
ఈరమణి కండ్లు తెరిచి
పైకప్పును చానాసేపు చదివింది.
"గా జాగ కాదు" అన్నది.
"గాడ డప్పు వినవడుతది.
నీళ్లల్ల మునిగినట్టు, దూరంకెల్లి, అయినా వినవడుతది.
ఎవలింట్లనో తలుపెనక నిలవడ్డట్టు.
నీ కాడ తలుపే లేదు బిడ్డా.
నేను ఎనిమిది అన్న, నువ్వు లే అన్నవు.
నడిమిట్లది ఎవలో కత్తెరేసి తీసేసి
రెండంచులు కలిపి కుట్టిన్రు.
కుట్టు కూడ చేతికి దొరుకుతలే."

జెర సేపాగి, సిగ్గువడుకుంట:
"సావు గిట్లనే ఉంటే భయమేం లేదు గని,
గంత అల్కగ లేకుంట పోతే
ఉన్నప్పటి నేను ఎవలు?"

గ్లూకోజు చుక్కలు లెక్కవెడుతున్నట్టు నటించిన.

రాత్రి డ్యూటీ దిగి
అఫ్జల్‌గంజ్‌ల ఫలక్‌నుమా బస్సెక్కి కిటికీకి తల ఆనిచ్చిన.
నయాపూల్ మీద మూసీ కంపు దాకా యాదికుంది.
అటెనక నేను ఇద్దరినైన.
ఒకతి సీట్ల వాలి నిద్రవోతుంటే
ఇంకొకతి పక్కన కూసొని
ఆమె సంచి జారకుంట పట్టుకున్నది.
ఇండ్ల నేను ఎవలని అడుగుదమనుకునేలోపు
కండక్టరు కమ్మీమీద బిళ్లతోని కొట్టిండు:
"అమ్మా, సోయిల ఉన్నవా? స్టాపు పోయింది."

మా అవ్వ దినాం అనేది,
అన్నం మాడినా, పైసలు పోయినా
"సోయి ఏడవెట్టినవే" అని.
అది పెట్టే వస్తువన్నట్టు,
గూట్లనో పోపుడబ్బలనో
మరిచిపోయే తాళంచెవి అన్నట్టు.

దిగి ఎనకకు నడిచిన, ఒక స్టాపు దూరం,
కరెంటు స్తంభాలు లెక్కవెట్టుకుంట
పది కాంచి కిందికి.
మూడు కాడ దీపం మాడిపోయి ఉంది.
ఆ చీకట్ల జెర ఆగి
నా చెయ్యి నేనే పట్టుకొని
రెండు అన్న,
నాకు వినవడేటట్టు.